భోగికి ఇంకా 12 రోజులే, ఈసారి అన్నీ కొనకుండా ఇంట్లో ఏదో ఒకటి చేసుకుందామనుంది, ఏం చేయొచ్చో చెప్పండి

పటమట కోడలు:

అందరికీ నమస్తే అండీ. మాది విజయవాడ, పటమటలో అపార్ట్‌మెంట్, మూడో ఫ్లోరు. ప్రతి ఏడూ సంక్రాంతికి మేమే తెనాలి పక్కన మా అత్తగారి ఊరెళ్ళేవాళ్ళం, ఈసారి మావయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయింది, ఆ ఇంట్లో మెట్లెక్కడం కుదరట్లేదు, ఇక్కడైతే లిఫ్ట్ ఉందని వాళ్ళే మా ఇంటికి వస్తన్నారు. మా మరిది వాళ్ళు కూడా హైదరాబాద్ నుంచి వస్తన్నారు, మొత్తం పది మందిమి. పిల్లలు నలుగురు, మావాడికి 11, పాపకి 6, మరిది గారి పెద్దాడికి 9, చిన్నదానికి రెండో ఏడు నడుస్తోంది.

విషయం ఏంటంటే పోయినేడు కూడా ఒక రోజు ముందు ఇక్కడే అందరం కలిశాం, ఏమీ చెయ్యలేదు, అన్నీ కొన్నాం. అరిసెలు, జంతికలు, సున్నుండలు, కజ్జికాయలు కలిపి ఆరు కిలోలు తెప్పిస్తే సగం పైన డబ్బాల్లోనే మెత్తబడిపోయి పనమ్మాయికి, వాచ్‌మెన్‌కి ఇచ్చేశా. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకులు, గడప ముందు ముగ్గు స్టిక్కరు. రాత్రి తీసిన ఫోటో ఒకటుంది, తొమ్మిది మంది హాల్లో కూర్చుని ఉన్నారు, ఏడుగురి మొహాల మీద ఫోన్ వెలుగే.

దానికంటే కూడా మొన్న జరిగింది చెప్తా. మా పాప స్కూల్లో ఏదో రాసుకురమ్మన్నారు, "అమ్మా గొబ్బెమ్మ అంటే ఏంటి" అనడిగింది, నేను ఫోన్‌లో బొమ్మ చూపించా. చూపించాక నాకే ఎట్టానో అయిపోయింది. నేను పుట్టింది పొన్నూరు దగ్గర పల్లెటూర్లో, ధనుర్మాసం నెల్రోజులూ పొద్దున్నే మా నాయనమ్మతో పాటు పేడ ముద్దలు చేసినదాన్ని, నా కూతురికి ఫోన్‌లో చూపించాల్సి వచ్చింది.

కాబట్టి ఇంట్లో చేసుకోగలిగినవి చెప్పండి, పెద్ద పెద్దవొద్దు. నాకు 12వ తారీఖు దాకా ఆఫీసు ఉంది, వంటిల్లు ఇద్దరు నిలబడితే నిండిపోయిద్ది, కింద భోగి మంట వేసే చోటు కూడా లేదు. ఖర్చు ఓ రెండు మూడు వేలు అనుకోండి.

బ్రాడీపేట పిన్ని:

అమ్మాయ్, 12 రోజులంటే బోలెడు టైము. అయితే భోగి పిడకలు మాత్రం ఈ ఆదివారమే మొదలుపెట్టాలి, లేకపోతే ఎండవు, ఇప్పుడు పొద్దున పూట మంచు బాగా పడతంది కదా. మీకు పాలు పోసే ఆయన్ని అడుగు, ఒక బకెట్ ఆవు పేడ తెచ్చిపెడతాడు, పది ఇరవై ఇస్తే సరి. డాబా మీద పాత గోతం పట్టా పరిచి దాని మీద పిల్లల చేత చిన్న చిన్నవి తట్టించు, గారె అంత చాలు, మధ్యలో వేలితో చిల్లు పెట్టాలి. రెండ్రోజుల తర్వాత తిరగెయ్యాలి, అడుగు పచ్చిగా ఉండిపోయిద్ది. ఐదారు రోజులకి కటకటలాడతా ఎండితే పురికొసకి గుచ్చి దండ చెయ్యటమే. పిల్లాడు మొదట ఛీ అంటాడు, రెండోదానికి మోచేతుల దాకా పూసుకుంటాడు, అదేం పట్టించుకోకు. ఒక్కో పిల్లకి ఒక్కో దండ. మీ మరిది పిల్లలవి కూడా మీ వాళ్ళనే చెయ్యమను, వాళ్ళొచ్చేసరికి సిద్ధంగా ఉంటాయి.

మంటకి చోటు లేదన్నావు, మీ సందు చివర ఎక్కడో ఒకచోట వేస్తారు, అక్కడికి నడిపించుకెళ్ళి దండ వేయించుకురా. సొంత మంటే కావాలని ఏముంది. టైర్లూ ప్లాస్టిక్కూ వేసే మంట దగ్గరకి మాత్రం పిల్లల్ని తీసుకెళ్ళకు.

అదే పేడలో కొంచెం ఉంచుకుని పండగ మూడు రోజులూ గొబ్బెమ్మలు పెట్టు. అపార్ట్‌మెంట్ అయితే ఏం, ఒక విస్తరాకులో పెట్టి గుమ్మం పక్కన ఉంచు. పసుపు, కుంకుమ, పైన కాస్త బియ్యప్పిండి, నెత్తిన గుమ్మడి పువ్వు. గుమ్మడి పువ్వు దొరక్కపోతే బంతిపువ్వు. మీ పాప రాసుకురావాల్సింది ఇదే.

అరిసెలు చెయ్యమంటావా అని అడుగుతావేమో, చెయ్, కానీ ఒక్క కిలో బియ్యానికే చెయ్. ఎట్టా చెయ్యాలో అడిగితే అప్పుడు చెప్తా.

సింగ్‌నగర్ కుర్రాడు:

అక్కా నేను కొంచెం అడ్డంగా మాట్లాడతా, ఏమనుకోవద్దు. ఇంట్లో చేసుకుందాం అంటే ఎవరు చేస్తారు అన్నది ముందు రాసుకోండి. మా ఇంట్లో ప్రతి పండక్కీ "ఇంట్లో చేసినవైతే ఆ రుచే వేరు" అని మా నాన్న, బాబాయి, నేను హాల్లో కూర్చుని అనేవాళ్ళం, చేసేది మా అమ్మ ఒక్కతే. ఆ మధ్య పాత ఆల్బమ్ స్కాన్ చేద్దామని కూర్చుంటే 1998 నుంచి 2015 దాకా సంక్రాంతి ఫోటోలు 40 పైన ఉన్నాయి, మా అమ్మ ఉన్నవి మూడు, అందులో ఒకదాంట్లో చెయ్యి మాత్రమే కనపడింది, గరిటె పట్టుకుని.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో రూల్ ఒకటే, ఇంట్లో చేసే పిండివంట ఒక్కటే ఉండాలి, అదీ కనీసం నలుగురు చేతులు పెట్టేది అయి ఉండాలి, మిగతావి కొనుక్కోవటమే. ఇంకోటి, కనుమ నాడు గారెలు మగాళ్ళు వెయ్యాలి. కనుమ నాడు మినుము తినాలి అంటారు కదా, తినాలి అన్నారు గానీ ఆడాళ్ళే రుబ్బాలి అని ఎక్కడా అనలేదు. నాకు మొదటి ఏడాది గారె మధ్యలో చిల్లు పడలేదు, బొండాలు లాగా వచ్చినయ్, అయినా అందరూ తిన్నారు. బావగారికి చెప్పండి, తడి చేత్తో ప్లాస్టిక్ కవర్ మీద తట్టి వేలితో పొడిస్తే పడిద్ది.

ఫోన్ల సంగతికి వస్తే "ఫోన్లు పక్కన పెట్టండి" అంటే ఎవడూ పెట్టడు, చేతికి వేరే పని ఇవ్వాలి. అష్టాచెమ్మా గీయండి, సుద్దముక్కతో నేల మీద ఐదు ఇంటూ ఐదు గళ్ళు, అంతే ఖర్చు. గవ్వలు కొనొద్దు, చింతపిక్కలు నాలుగు తీసుకుని ఒక వైపు గచ్చు మీద తెల్లగా వచ్చేదాకా అరగదీయండి. నాలుగూ తెలుపు పడితే చెమ్మా, నాలుగు, అన్నీ నలుపు పడితే అష్టా, ఎనిమిది. మోకాలి ఆపరేషన్ అయిన మావయ్యగారికి ఇంతకంటే మంచి పని లేదు, కూర్చుని అరగదీస్తారు. నాలుగు పిక్కలకి ఒక పూట గడిచిపోయిద్ది.

కృష్ణలంక 77:

ఎందుకండీ ఈ హడావిడి అంతా, హాయిగా ఏదో ఒక స్వగృహలో కొనుక్కుని సినిమాకి పోక. పేడ అంట, అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ వాళ్ళు ఊరుకుంటారా.

పటమట కోడలు:

కృష్ణలంక గారూ సినిమా కూడా ఉందిలెండి, మా మరిది టికెట్ల పని మీదే ఉన్నాడు.

పిన్నిగారూ చాలా థాంక్స్, పాలాయన్ని అడిగా, నవ్వాడు, ఆదివారం తెస్తానన్నాడు. కుర్రాడు చెప్పింది చదివి మా ఆయనకి చూపించా, "గారెలు నేనా" అన్నారు, ఇంకేం అనలేదు, అది ఒప్పుకున్నట్టేనని నేననుకుంటన్నా. అరిసెల సంగతి చెప్పండి పిన్నిగారూ. ఇంతకుముందు ఒకసారి చేస్తే గోడకేసి కొడితే గోడే పగిలేట్టు వచ్చినయ్. మా తోడికోడలిది నల్గొండ వైపు, వాళ్ళమ్మ దగ్గర సకినాలు పిండి కలిపించుకుని తెస్తానంటోంది, మరి అది కూడా ఇక్కడే చుట్టాలి అంటోంది, వంటిల్లు ఎట్టా సరిపోయిద్దో తెలవట్లేదు.

బ్రాడీపేట పిన్ని:

సకినాలు చుట్టటానికి వంటిల్లు ఎందుకే, హాల్లో పాత పంచె పరిచి అందరూ చుట్టూ కూర్చుని చుట్టాలి, అదే దాని అందం. నువ్వులూ వామూ వేసిన తడి పిండి వేళ్ళ మధ్య నుంచి సన్నగా జారుతా గుండ్రంగా తిరగాలి, అందరికీ రాదు, రానివాళ్ళని చూసి నవ్వుకోవచ్చు. కాసేపు ఆ బట్ట మీదే ఆరనిచ్చి తర్వాత నూనెలో వెయ్యాలి.

ఇక అరిసెలు. గోడ పగిలేట్టు వచ్చాయంటే పాకం ముదిరింది, ఇంకేం లేదు. పాత బియ్యం తీసుకో, కోటా బియ్యం అయితే ఇంకా మంచిది, సన్న బియ్యం వద్దు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో రెండు మూడు సార్లు నీళ్ళు మార్చు, లేకపోతే పులుపు వాసన వచ్చిద్ది. వడకట్టి బట్ట మీద ఓ అరగంట పోసి, చేత్తో పట్టుకుంటే తడిగా ఉండాలి గానీ నీళ్ళు అంటకూడదు, అప్పుడు మరకి పంపు. పండగ ముందు తడి పిండి పట్టే మర దగ్గర లైను ఉండిద్ది, ముందే కనుక్కో. పట్టించిన పిండిని జల్లించి గిన్నెలో అదిమి పెట్టి పైన తడి బట్ట కప్పు, ఆరిపోతే అరిసె రాదు, ఇది చాలామంది మర్చిపోయే సంగతి.

పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు పెట్టుకో. చుక్క వేస్తే నీళ్ళలో కరిగిపోతే ఇంకా లేత. వేళ్ళతో దగ్గరికి తీస్తే ఉండ అవ్వాలి, ఆ ఉండ నొక్కితే మెత్తగా ఉండాలి, అక్కడ ఆపు. ఉండ గట్టిపడి పళ్ళెంకేసి కొడితే టంగుమందా, దాటిపోయింది, నీకు పోయినసారి అదే అయ్యుండిద్ది. దించేసి నువ్వులు, యాలకుల పొడి, కాస్త నెయ్యి వేసి ఒకళ్ళు పిండి పోస్తంటే ఇంకొకళ్ళు తిప్పాలి, ఆపకుండా. మీ మరిదిని తిప్పమను, మగాడి చెయ్యి కావాలి దానికి. వేయించింది వేయించినట్టు రెండు అరిసె చెక్కల మధ్య పెట్టి నూనె నొక్కాలి. మా అమ్మ ఎండుగడ్డి మీద పరిచేది, మీరు కాగితం మీద పరుచుకోండి, ఏం చేస్తాం.

పాకం లేతగా పోయి నూనెలో విచ్చిపోతే కంగారు పడకు, ఇంకాస్త పిండి కలుపు, అప్పటికీ రాకపోతే ఆపేసి మిగిలిందాంట్లో వేయించిన కొబ్బరి ముక్కలు, నెయ్యి వేసి చలిమిడిగా తినేయండి. చుట్టాల ముందు పరువు పోయిందని కన్నీళ్ళు పెట్టుకోవాల్సిన పని లేదు.

గోరంట్ల టీచరమ్మ:

చదువుతుంటే నోరూరుతోంది. మాది గుంటూరు గోరంట్ల, మేం క్రైస్తవులం, మా ఇంట్లో అరిసెలు డిసెంబర్ 24కే అయిపోయినాయి. హైదరాబాద్‌లో పనిచేసేటప్పుడు నా కొలీగ్ "క్రిస్మస్‌కి అరిసెలేంటి, కేక్ కదా" అంది, నేను చెప్పా, ఫాదర్ హేయర్ గారు 1842లో గుంటూరు వచ్చి మా ముత్తాతలకి సువార్త చెప్పారు గానీ అరిసెలు మానేయమని చెప్పలేదు అని. గులాబీ పువ్వులు కూడా చేస్తాం, ఇనుప గుత్తి వేడి నూనెలో ముంచి తర్వాత పిండిలో ముంచేది, అది పిల్లల చేత మాత్రం చేయించొద్దు.

నేను చెప్పేది ఇంకోటి. మా నాన్న రెడీమేడ్ స్టార్ ఎప్పుడూ కొననిచ్చేవాడు కాదు. వెదురు బద్దలు చీల్చి ఐదు కొసల చుక్క రెండు చేసి, కొసలన్నీ తాడుతో కలిపి కట్టి, మధ్యలో అడ్డంగా పుల్లలు పెట్టి ఉబ్బెత్తుగా నిలబెట్టేవాడు, దాని మీద గాలిపటాల కాగితం మైదా జిగురుతో అంటించేవాళ్ళం. జిగురు చల్లారకముందే మా చెల్లి సగం తినేసేది. లోపల బల్బు వేలాడదీసి డాబా మీద కడితే రెండు వీధుల అవతలకి కనపడేది. మా నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది, ఇప్పుడు మా తమ్ముడు కడతాడు, ఒక కొస ఎప్పుడూ వంకర వస్తది, నాన్నకి కూడా వంకరే వచ్చేది.

ఈ స్టార్ కాగితాలే మిగిలితే మీ సంక్రాంతికి గాలిపటాలు అవుతాయి. అట్టే కష్టపడక్కర్లేదు, చీపురు పుల్లలు రెండు, కాగితం, మైదా జిగురు. ఎగరకపోయినా గోడకి పెట్టుకోండి. మా పక్కింటి వాళ్ళకి నేను ప్రతి ఏడూ మిగిలిన కాగితాలు పంపిస్తా, వాళ్ళు పండగ రోజు బొబ్బట్లు పంపుతారు, చాలా లాభసాటి వ్యాపారం.

బ్రాడీపేట పిన్ని:

టీచరమ్మా మీ ఇంటి అడ్రస్ చెప్పు, నేను కూడా వ్యాపారానికి వస్తా.

కోడలా, మర్చిపోయా, మీ మరిది చిన్నదానికి భోగిపళ్ళు పోస్తారుగా. రేగుపళ్ళు చిన్నవి కొను, నాటువి. ఆ పెద్ద పెద్ద గంగరేగుపళ్ళు కొనొద్దు, నెత్తి మీద పడితే పిల్ల గుక్క పట్టి ఏడుస్తది. చెరుకు ముక్కలు చిన్నగా కోసి, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు, అక్షింతలు కలుపు. రూపాయి బిళ్ళలు చాలు, పది రూపాయల బిళ్ళలు బరువు. పెద్దాళ్ళు ఒక్కొక్కరు మూడు సార్లు దిష్టి తిప్పి పొయ్యాలి. ముందు మీ అత్తగారి చేత పోయించు. కింద పడ్డ రేగుపళ్ళూ చిల్లరా వీధి పిల్లలు ఏరుకోవాలి, మీ వాచ్‌మెన్ పిల్లల్ని పైకి పిలు.

కనుమ నాడు రథం ముగ్గు వెయ్యి. స్టిక్కరు కాదు, చేత్తో. టైల్స్ మీద పొడి ముగ్గు నిలవదు, బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, చిన్న గుడ్డ పీలిక ముంచి వేళ్ళ మధ్య నొక్కుతా గీతలు లాగు. రథం తాడు పక్కింటి గుమ్మం దాకా లాగి వదిలిపెట్టు, వాళ్ళు చూసి కలుపుకుంటారో లేదో వాళ్ళిష్టం.

పటమట కోడలు:

పండగ అయిపోయింది, ఇప్పుడే అందరినీ బండెక్కించా. మరిది వాళ్ళు పంతంగి టోల్‌గేట్ దగ్గర క్యూలో ఉన్నారంట, అక్కడి నుంచే ఫోటోలు పంపుతున్నారు. చెప్పాలిగా, చెప్తా.

పిడకలు బ్రహ్మాండంగా వచ్చినయ్. మొత్తం 63, అందులో 11 కుక్క తొక్కేసింది. అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు డాబా మీదకి వచ్చి చూసి "ఏంటమ్మా ఇది" అంటే నాకు గుండె జారింది, ఆయన కూర్చుని "నేను చిన్నప్పుడు వంద చేసేవాణ్ణి" అని మా వాడికి చిల్లు ఎట్టా పెట్టాలో చూపించి వెళ్ళాడు. వాళ్ళ మనవడికి కూడా ఒక దండ ఇచ్చాం.

అరిసెలు ఫెయిల్. ఈసారి పాకం ముదురుద్దేమోనని భయపడి ముందే దించేశా, మొదటి నాలుగు నూనెలో వేయగానే విచ్చిపోయి నూనెంతా ఇసకలాగా అయిపోయింది. పిండి కలిపితే ఆ తర్వాత ఓ 15 నిలబడినయ్, అందంగా మాత్రం లేవు. మా అత్తయ్య ఇంక చాల్లే అని పొయ్యి ఆపేసి మీరు చెప్పినట్టే కొబ్బరి ముక్కలు వేసి చలిమిడి చేసేశారు. పిల్లలు అరిసెలు ముట్టుకోలేదు, చలిమిడి గిన్నె నాకేశారు. అత్తయ్య అప్పుడు చెప్పారు, ఆవిడ పెళ్ళయిన మొదటి సంక్రాంతికి కూడా ఇట్టానే విచ్చిపోతే వాళ్ళ అత్తగారికి కనపడకుండా గేదె కుడితిలో పోసేశారంట. 46 ఏళ్ళ నుంచి మావయ్యకి కూడా తెలీదు ఈ సంగతి. ఆయన చింతపిక్క అరగదీస్తా అరగదీస్తా ఆగి "అందుకా ఆ ఏడు అది అన్ని పాలిచ్చింది" అన్నారు.

పిక్కలు ఆయన నాలుగు కాదు, ఎనిమిది చేశారు. రెండు రోజులు ఆట ఆగలా. టీవీ పెట్టింది ఒక్క పూట. ఫోన్లు పూర్తిగా మాయమైనయ్ అని అబద్ధం చెప్పను, మా మరిది ఆఫీసు కాల్ ఒకటి చెరుకు నములుతానే మాట్లాడాడు.

సకినాలు హాల్లోనే చుట్టాం. నాకు రాలేదు, మా తోడికోడలికి బాగా వచ్చిద్ది, ఏడేళ్ళల్లో మేమిద్దరం అంతసేపు పక్కపక్కన కూర్చోవటం అదే మొదటిసారి. వాళ్ళమ్మ సంగతులు చెప్పింది చాలా, అవి ఇక్కడ రాయను.

రథం తాడు మా గుమ్మం నుంచి పక్క ఫ్లాట్ దాకా లాగి వదిలేశా. పొద్దున చూస్తే వాళ్ళు ఎదురింటికి కలిపారు, ఎదురింటి వాళ్ళు మెట్ల మీదుగా రెండో ఫ్లోరుకి దించారు, మధ్యాహ్నానికి కిందకి చేరి వాచ్‌మెన్ భార్య వేసిన రథానికి కలిసింది. ఇంకా చెరగలా. మా పాప లిఫ్ట్ ఎక్కకుండా తాడు పక్కనే మెట్లు దిగతంది.

భోగిపళ్ళ రూపాయి బిళ్ళ ఒకటి ఇప్పుడే సోఫా కింద దొరికింది. పిల్ల ఏడవలేదు పిన్నిగారూ.

సింగ్‌నగర్ కుర్రాడు:

అంతా చెప్పారు గానీ అక్కా, బావగారు గారెలు వేశారా లేదా?

పటమట కోడలు:

వేశారు తమ్ముడూ. ముప్పై గారెలకి నాలుగింటికే చిల్లు పడింది. ఆ నాలుగూ ఫోటో తీసి వాళ్ళ ఆఫీసు గ్రూపులో పెట్టుకున్నారు.